అరకు కొండల వరసను సిరామిక్ వాజ్ మీదికి ఎలా తేవాలి?

విశాఖలో మట్టి పని నేర్పుతుంటాను. చలికాలం మొదలైతే చాలు, నేర్చుకోవడానికి వచ్చేవాళ్లలో సగం మంది అరకో లంబసింగో వెళ్లొచ్చి ఫోన్ చూపిస్తారు. "ఈ కొండల్ని కప్పు మీద వేయాలంటే ఎలా అండీ?" అని అడుగుతారు. ఇంట్లో ప్రయత్నించి తెచ్చేవాళ్లది ఇంకో ప్రశ్న. "అన్నీ చూసి చూసి గీశాను, కానీ కొండల్లా లేవు, రంపం పళ్లలా ఉన్నాయి. ఎక్కడ తప్పు?" ఒక్కొక్కరికీ చెప్పే జవాబునే ఇక్కడ పూర్తిగా రాస్తున్నాను.

తప్పు సాధారణంగా గీతలో ఉండదు. తెల్లవారుజామున గాలికొండ వ్యూ పాయింట్ దగ్గర నిలబడితే ఐదారు కొండల వరసలు కనిపిస్తాయి. దగ్గరిది ముదురు, దాని వెనకది కాస్త లేత, ఆ వెనకది మరీ లేత, చివరిది ఆకాశమో కొండో తెలియనంత. ఒక్కో వరసకీ మధ్య బోలెడంత గాలి, తేమ, మంచు ఉన్నాయి. వాజ్ మీద కూడా ఆ గాలి కనిపించాలి. అది కనిపిస్తే గీత కొంచెం అటూఇటూ అయినా కొండ కొండలాగే ఉంటుంది.

ఇక్కడ చేయబోయేది కాల్చాక సుమారు 18 సెం.మీ. ఎత్తుండే గుండ్రటి వాజ్. మట్టిని పలకలా పరిచి, గొట్టానికి చుట్టి చేస్తాం కాబట్టి కుమ్మరి సారె (తిరిగే చక్రం) అక్కర్లేదు. సారె మీద చేయగలిగితే ఇంకా మంచిదే, కొండలు వేసే పద్ధతి రెంటికీ ఒకటే.

కావాల్సినవి

- తెల్ల స్టోన్‌వేర్ మట్టి 3 కిలోలు (1220 డిగ్రీల సెల్సియస్‌కి కాలి గట్టిపడేది. కొనేటప్పుడే ఎంత వేడికి కాల్చాలో, ఎంత శాతం కుంచించుకుపోతుందో అడిగి రాసుకోండి)
- కోబాల్ట్ కార్బొనేట్ 3 గ్రాములు, ఎర్ర ఐరన్ ఆక్సైడ్ 3 గ్రాములు (రెండూ రంగుపొడులు. కోబాల్ట్ నీలం ఇస్తుంది, ఐరన్ దాన్ని బూడిద వైపు దించుతుంది)
- 0.1 గ్రాము వరకు చూపించే చిన్న త్రాసు
- 80 మెష్ జల్లెడ (చాలా సన్నటి కన్నాలది)
- 9 సెం.మీ. వెడల్పున్న పీవీసీ గొట్టం ముక్క, పాత న్యూస్‌పేపర్లు
- చపాతీ కర్ర, 7 మి.మీ. మందం ఉన్న రెండు చెక్క బద్దలు
- మెత్తటి వెడల్పు బ్రష్, స్పాంజి, కత్తి, దువ్వెన లేదా ఫోర్కు
- ఎన్95 మాస్క్, చేతి తొడుగులు
- ట్రాన్స్‌పరెంట్ గ్లేజ్, అంటే కాలాక గాజులా మారే పారదర్శక పూత (మీ మట్టి కాలే వేడికి సరిపోయేది)
- కిల్న్ (మట్టి వస్తువుల్ని కాల్చే బట్టీ). సొంతది లేకపోతే దగ్గరలోని స్టూడియోలో అడగండి, డబ్బు తీసుకుని కాల్చిపెట్టేవాళ్లు చాలాచోట్ల ఉన్నారు

కోబాల్ట్ ఖరీదు చూసి కంగారు పడకండి. 3 గ్రాములతో రెండు మూడు వాజ్‌లు అవుతాయి.

1. వెళ్లి చూడండి, ఒకే చోటు నుంచి మూడుసార్లు

గాలికొండ కావచ్చు, పాడేరు దగ్గర వంజంగి కావచ్చు, మీ ఇంటి మేడ మీద నుంచి కనిపించే సింహాచలం కొండ కావచ్చు. ఒకే చోట నిలబడి సూర్యోదయానికి ముందు, ఎండ ఎక్కాక, మళ్లీ సాయంత్రం చూడండి. కళ్లు సగం మూసి చూస్తే చెట్లు, రోడ్లు, కరెంటు స్తంభాలు మాయమై ముదురు, లేత మాత్రమే మిగులుతాయి. మనకి కావాల్సింది అదే.

పుస్తకంలో రెండు నిమిషాల్లో మూడు నాలుగు గీతలు వేయండి. ప్రతి వరస పక్కనా ఒక నంబర్ రాయండి. 1 అంటే ఆకాశమంత లేత, 5 అంటే కళ్ల ముందున్న చెట్టంత ముదురు. ఆ నంబర్లే తర్వాత రంగుల కొలతలు అవుతాయి.

ఇక్కడ ఒక విషయం దగ్గరగా చూడండి. పొద్దున్నే మంచు కొండ శిఖరం మీద ఉండదు, లోయలో ఉంటుంది. రాత్రి చల్లబడిన గాలి బరువెక్కి కిందికి జారి లోయలో నిలుస్తుంది, మంచు అక్కడే పడుతుంది. వంజంగిలో అందరూ చూడ్డానికి వెళ్లేది దీన్నే, కాళ్ల కింద మబ్బులు, వాటిలోంచి పైకి తేలిన కొండ తలలు. అంటే ప్రతి కొండా తల దగ్గర ముదురుగా, పాదాల దగ్గర లేతగా ఉంటుంది. నా దగ్గరికి వచ్చిన వాజ్‌లలో పదికి ఎనిమిది దీన్ని తిరగేసి వేసినవే. తల మీద తెల్ల మబ్బు, కింద ముదురు రంగు. అలా వేస్తే కొండలు ఒకదాని మీద ఒకటి అతికించిన అట్టముక్కల్లా కనిపిస్తాయి.

ఫోటో తీసుకోండి కానీ దాన్ని మాత్రమే నమ్ముకోకండి. ఇప్పటి ఫోన్లు మసకని వాటంతట అవే సరిచేసి దూరపు కొండల్ని కూడా ముదురు చేసేస్తాయి. మీరు పుస్తకంలో రాసుకున్న నంబర్లే అసలైన లెక్క.

2. ఒక్కటే ఎంచుకోండి

అరకులో చూసినవన్నీ ఒక వాజ్ మీదికి ఎక్కించాలని మనసు లాగుతుంది. వలిసె పూల పసుపు, ఎర్రమట్టి పొలాలు, కాఫీ తోటలు, జలపాతం, సూర్యుడు. ఒక్కటే తీసుకోండి. ఈ వాజ్‌కి మనం తీసుకుంటున్నది కొండల వరసల మధ్య దూరం.

జపాన్‌లో హొనామి కోయెట్సు (1558–1637) అనే కళాకారుడు చేసిన ఒక టీ గిన్నె ఉంది, పేరు ఫుజిసాన్. పైభాగం తెలుపు, కిందిభాగం నల్లబడిన బూడిద రంగు. కొండ బొమ్మ అంటూ దాని మీద ఏమీ గీయలేదు. అయినా మంచు కప్పిన ఫుజి పర్వతం గుర్తొచ్చి ఆ పేరు నిలిచిపోయింది. జపాన్ దాన్ని జాతీయ సంపదగా కాపాడుకుంటోంది. ఎంత తక్కువతో కొండ వస్తుందో తెలియడానికి దాని ఫోటో ఒకసారి వెతికి చూడండి.

3. రంగు స్లిప్‌లు కలపండి

స్లిప్ అంటే పలచగా కలిపిన మట్టి ద్రవం. వాజ్ చేసే మట్టితోనే స్లిప్ చేయండి. అప్పుడు రెండూ ఒకేలా కుంచించుకుపోతాయి, పెచ్చులూడవు.

3 కిలోల్లోంచి ముప్పావు కిలో మట్టిని చిన్న ముక్కలు చేసి ఎండలో పూర్తిగా ఎండబెట్టండి. ఎండాక 100 గ్రాములు ఒక డబ్బాలో, 400 గ్రాములు మరో డబ్బాలో తూచి వేసి, మునిగేలా నీళ్లు పోసి రాత్రంతా వదిలేయండి. పూర్తిగా ఎండిన మట్టి నీళ్లలో తనంతట తనే విచ్చుకుంటుంది. పొడి కొట్టకండి, ఆ దుమ్ము ఊపిరితిత్తులకి మంచిది కాదు.

మర్నాడు పైన తేరిన నీళ్లు తీసేసి, కలిపి, జల్లెడ పట్టండి. చిక్కని మజ్జిగలా ఉండాలి. వేలు ముంచి తీస్తే వేలి గీతలు కనిపించకూడదు, చివర ఒకటి రెండు చుక్కలు కారి ఆగిపోవాలి. రెండు డబ్బాలూ ఒకే చిక్కదనంలో ఉండేలా చూసుకోండి, లేకపోతే తర్వాత చెంచాల లెక్క తప్పుతుంది.

100 గ్రాముల డబ్బాలో కోబాల్ట్ కార్బొనేట్ 3 గ్రాములు, ఐరన్ ఆక్సైడ్ 3 గ్రాములు కలిపి మళ్లీ రెండుసార్లు జల్లెడ పట్టండి. ఇది ముదురు స్లిప్, 400 గ్రాముల డబ్బాలోది తెల్ల స్లిప్. కోబాల్ట్ సరిగ్గా కలవకపోతే కాలాక నీలం చుక్కలు తేలతాయి. రంగుపొడులు తూచేటప్పుడు మాస్క్, తొడుగులు తప్పనిసరి. వంటింటి గిన్నెలు, చెంచాలు వాడకండి. కింద పడిన పొడిని చీపురుతో ఊడవకుండా తడిగుడ్డతో తుడవండి. నలుపు కోసం కొందరు మాంగనీస్ డయాక్సైడ్ వేస్తారు. కాల్చేటప్పుడు దాని పొగ ప్రమాదం, ఇంటి దగ్గర కిల్న్ ఉన్నవాళ్లు దాని జోలికి పోవద్దు.

ఇప్పుడు నాలుగు వరసలకి నాలుగు గిన్నెలు:

- దగ్గరి కొండ: ముదురు స్లిప్ అలాగే
- రెండోది: 1 చెంచా ముదురు, 2 చెంచాలు తెలుపు
- మూడోది: 1 చెంచా ముదురు, 6 చెంచాలు తెలుపు
- అన్నిటికన్నా వెనకది: 1 చెంచా ముదురు, 16 చెంచాలు తెలుపు

ఒకటికి ఒకటి, ఒకటికి రెండు, ఒకటికి మూడు అని సమానంగా పెంచుకుంటూ పోతే సరిపోదా అని అడుగుతారు. సరిపోదు. కోబాల్ట్ చిటికెడు ఉన్నా గట్టిగా పలుకుతుంది. అలా కలిపితే కాలాక నాలుగూ ఒకే నీలంలా వస్తాయి. వెనకకి వెళ్లే కొద్దీ తెలుపు బాగా పెంచాలి.

4. ముందు టైల్, తర్వాతే వాజ్

ఈ మెట్టు దాటేసేవాళ్లే ఎక్కువ, బాధపడేవాళ్లూ వాళ్లే. అదే మట్టితో అరచేయంత టైల్ చేసి, నాలుగు రంగులూ పక్కపక్కన పూసి, సగం గ్లేజ్ వేసి, సగం వదిలేసి కాల్పించండి. పచ్చిగా ఉన్నప్పుడు రంగుని చూసి ఏదీ తేల్చుకోలేరు. కోబాల్ట్ కార్బొనేట్ పచ్చిగా లేత ఊదా రంగు, ఐరన్ ఆక్సైడ్ ఇటుక ఎరుపు. రెండూ కలిసిన ముద్దని చూస్తే ఇది కొండ నీలం అవుతుందని ఎవరూ అనుకోరు.

టైల్ కాలి వచ్చాక మీ పుస్తకంలోని నంబర్ల పక్కన పెట్టి చూడండి. ఫోన్‌లో నలుపు తెలుపు ఫోటో తీయండి. నాలుగు గడులూ విడివిడిగా కనిపిస్తే సరే. రెండు కలిసిపోతే వెనకదానిలో తెలుపు పెంచండి. మరీ బొమ్మల పుస్తకం నీలంలా వస్తే ముదురు స్లిప్‌లో ఐరన్ ఇంకో గ్రాము పెంచితే బూడిద వైపు దిగుతుంది.

5. వాజ్ నిలబెట్టండి

మీ మట్టి 12 శాతం కుంచించుకుపోతుందనుకుందాం. 18 సెం.మీ. కావాలంటే 18ని 0.88తో భాగించండి, ఇంచుమించు 20.5 సెం.మీ. పచ్చి వాజ్ అంత ఎత్తుండాలి.

మట్టిని బాగా పిసికి, రెండు చెక్క బద్దల మధ్య పెట్టి చపాతీ కర్రతో 7 మి.మీ. మందాన పరచండి. ఒకే వైపు వత్తకుండా మధ్య మధ్యలో తిప్పి వేయండి. 20.5 సెం.మీ. ఎత్తు, 31 సెం.మీ. పొడవుకి కోయండి. గొట్టానికి న్యూస్‌పేపర్ వదులుగా చుట్టి, దాని మీద మట్టి పలక చుట్టండి. రెండు అంచులూ ఏటవాలుగా కోసి, ఫోర్కుతో గీరి, స్లిప్ రాసి, గట్టిగా అదమండి. అడుగుకి గుండ్రటి పలక కోసి అదే పద్ధతిలో అతికించండి.

గొట్టాన్ని లోపల వదిలేసి నిద్రపోవద్దు. మట్టి ఆరుతూ కుంచించుకుపోతుంది, గొట్టం కుంచించుకోదు. పొద్దున్నే లేచేసరికి పైనుంచి కిందిదాకా చీలిక కనిపిస్తుంది. వాజ్ తనంతట తను నిలబడగలిగిన వెంటనే, అంటే గంటా గంటన్నరలో, గొట్టం బయటికి లాగేయండి. కాగితం లోపలే ఉండిపోయినా ఫర్వాలేదు, తర్వాత తీసేయొచ్చు.

ఇప్పుడు పాలిథిన్ కవర్ కప్పి, పచ్చి కొబ్బరి ముక్కలా అయ్యేదాకా ఆగండి. కత్తి పెడితే నున్నగా తెగాలి, వేలితో నొక్కితే గుంట పడకూడదు. కొండలు వేయాల్సిన సమయం అదే. మరీ ఆరిపోయిన మట్టి మీద వేస్తే స్లిప్ పగిలి పెచ్చులు లేస్తుంది.

6. కొండలు వేయండి

నేను ఇక్కడ బ్రష్‌తో గీత గీయను, న్యూస్‌పేపర్ చింపుతాను. చేత్తో చింపిన కాగితం అంచు కొండ అంచులాగే ఉంటుంది, కావాలని వేసిన వంపుల్లా ఉండదు. ఇంకో సుగుణం కూడా ఉంది. న్యూస్‌పేపర్‌ని ఒక వైపుకి చింపితే సాఫీగా పోతుంది, అడ్డంగా చింపితే గజిబిజిగా, ముక్కలు ముక్కలుగా చిరుగుతుంది. దూరపు కొండలకి సాఫీ అంచు, దగ్గరి కొండకి గజిబిజి అంచు వాడండి. చెట్లు, బండలు దగ్గర కొండ మీదే కదా కనిపించేవి.

ఒక్కో వరసకి ఒక్కో కాగితం పట్టీ కావాలి, వాజ్ చుట్టుకొలత అంత పొడవున. వాజ్ గుండ్రంగా తిరిగి వచ్చి తన మొదటి అంచునే కలుస్తుందని మర్చిపోకండి. నా మొదటి వాజ్‌లో నాలుగు వరసలూ బాగా కుదిరాయి, కానీ అతుకు దగ్గర ఒక కొండ సగంలో తెగిపోయి అంగుళం కిందికి దిగింది. ఆ తప్పు కాలాక ఇంకా కొట్టొచ్చినట్టు కనిపించింది. అప్పటి నుంచి పట్టీ చింపే ముందే రెండు చివర్లలో ఒకే ఎత్తున పెన్సిల్ గుర్తు పెట్టి, ఆ గుర్తు దగ్గర మొదలుపెట్టి ఆ గుర్తు దగ్గరే ముగిస్తాను. పట్టీ చివర్లని అతుకు మీదే పెట్టక్కర్లేదు. ఒక్కో వరసకి ఒక్కో చోట పెడితే లోయలన్నీ ఒకే నిలువు గీతలో పడవు.

వరస క్రమం ఇది, వెనక నుంచి ముందుకి:

మొదట వాజ్ అంతా తెల్ల స్లిప్ ఒక పూత వేసి, తడి మెరుపు పోయేదాకా ఆగండి. వెనకటి కొండ కోసం చింపిన పట్టీని నీళ్లలో ముంచి, చింపిన అంచు కిందికి ఉండేలా వాజ్ పైభాగాన అతికించండి. కాగితం ఆకాశాన్ని కప్పుతుంది, దాని కింది అంచు కొండ తల అవుతుంది. అంచు పొడవునా వేలితో నొక్కండి, లేకపోతే స్లిప్ లోపలికి పాకుతుంది.

అన్నిటికన్నా లేత స్లిప్‌ని ఆ అంచు వెంట రెండు సెం.మీ. వెడల్పున పూయండి. ఆరాక అంచు దగ్గర మాత్రం ఇంకో పూత. ఆ తర్వాత తడి స్పాంజిని బాగా పిండి, పూత కింది భాగాన్ని కిందికి లాగుతూ తుడవండి. పైన నిండుగా, కింద కరిగిపోయినట్టు రావాలి. ఆ కరిగిన చోట పలచని తెల్ల స్లిప్ ఒక్కసారి బ్రష్‌తో అడ్డంగా లాగితే, అదే లోయలో మంచు. ఒకే చోట పదిసార్లు రుద్దకండి, కిందున్న మట్టి లేచి బురద అవుతుంది. కాగితం తీయాలంటే స్లిప్ మెరుపు పోవాలి, కానీ పూర్తిగా ఆరకూడదు. సూదితో ఒక మూల లేపి మెల్లగా లాగండి.

రెండో వరస, మూడో వరస, దగ్గరి కొండ అన్నీ ఇంతే, రంగు మాత్రం ముదురుతూ వస్తుంది. ముందు వరస పూత మెరుపు పోకముందే తర్వాతి కాగితం అతికిస్తే అది పూతని కూడా లేపుకొస్తుంది, తొందరపడకండి.

వరసల మధ్య ఎడం సమానంగా ఉంచకండి. 20.5 సెం.మీ. వాజ్ మీద నేనైతే పైన ఆరేడు సెం.మీ. ఆకాశం వదిలి, మొదటి రెండు తలల మధ్య ఒకటిన్నర, తర్వాత మూడు, ఆ తర్వాత నాలుగున్నర సెం.మీ. ఇస్తాను. దూరానివి దగ్గరదగ్గరగా, దగ్గరవి ఎడంగా. ఒక్కోచోట ముందు కొండ తల వెనక కొండని దాటి పైకి పోవచ్చు. అలా ఒకచోటైనా పోనివ్వండి, అన్నీ ఒకదాని వెనక ఒకటి సమాంతరంగా ఉంటే చీర అంచులా అవుతుంది.

7. దగ్గరి కొండకి రాతి గరుకు (ఇష్టమైతే)

విశాఖ, అరకు కొండల్లో ఎక్కువగా కనిపించే రాయి ఖొండలైట్. ఒడిశా, ఆంధ్ర కొండల్లో ఉండే ఖోండ్ గిరిజనుల పేరే ఆ రాయికి పెట్టారు. గార్నెట్ గింజలుండే రాయి, ఎండకీ వానకీ తుప్పు రంగుకి తిరుగుతుంది. దాని గరుకుతనం మట్టి మీద చాలా బాగా వస్తుంది.

గుప్పెడు మట్టి ముద్దకి కార్న్ ఫ్లోర్ అద్ది, బండ మీద అదిమి తీయండి. అచ్చు పడిన ముద్దని ఆరబెట్టి 1000 డిగ్రీలకి కాలిస్తే ఎన్నాళ్లైనా వాడుకునే ముద్ర అవుతుంది. దాన్ని దగ్గరి కొండ కింది భాగంలో మాత్రమే వత్తండి, లోపలి నుంచి వేలితో ఆనిస్తూ. స్లిప్ వేయకముందే చేయాలి. దూరపు కొండల మీద ఈ గరుకు వేశారంటే అవి దగ్గరికి వచ్చేస్తాయి.

అరకు ఎర్రమట్టిని కూడా రంగుగా వాడొచ్చు. పొలం యజమానిని అడిగి ఒక గుప్పెడు తీసుకోండి. రిజర్వు ఫారెస్టులో మట్టి గానీ రాయి గానీ తీయకూడదు. బొర్రా గుహల్లో రాతి ఆకారాల మీద చెయ్యి కూడా వేయకండి. తెచ్చిన మట్టిని నానబెట్టి, జల్లెడ పట్టి, కొంచెం మీద వెనిగర్ పోసి చూడండి. బుసబుసా పొంగితే అందులో సున్నం ఉంది. సున్నపు గింజ కాలాక గాలిలో తేమ పీల్చి ఉబ్బి, పైపొరని పెచ్చులా ఎగరగొడుతుంది. పొంగకపోతే తెల్ల స్లిప్‌లో నాలుగో వంతు కలిపి టైల్ కాల్పించండి. 1220 డిగ్రీలకి కొన్ని ఎర్రమట్టులు కరిగి కారతాయి, అందుకని టైల్ కింద పనికిరాని పలక ఒకటి పెట్టించండి. కిల్న్ లోపలి అర (వస్తువులు పెట్టే పలక) పాడైతే నష్టం మీది కాదు, స్టూడియోవాళ్లది.

8. ఆరబెట్టడం, మొదటి కాల్పు

వదులుగా కవర్ కప్పి వారం రోజులు నీడలో ఆరనివ్వండి. విశాఖ తేమకి, వానాకాలంలో అయితే పది రోజులు. ఆరిందో లేదో చెంపకి ఆనించి చూడండి. చల్లగా తగిలితే లోపల ఇంకా తడి ఉన్నట్టే.

మొదటి కాల్పు 1000 డిగ్రీలకి. 100 డిగ్రీల లోపు ఒకటి రెండు గంటలు నిలిపి, 600 వరకు గంటకి 100 డిగ్రీలకి మించకుండా పెంచమని చెప్పండి. 573 డిగ్రీల దగ్గర మట్టిలోని క్వార్ట్జ్ ఒక్కసారిగా వ్యాకోచిస్తుంది, అక్కడ పరుగెత్తిస్తే చీలుతుంది. చల్లారేటప్పుడు కూడా అంతే.

9. గ్లేజ్, రెండో కాల్పు

లోపల గ్లేజ్ పోసి తిప్పి ఒంపేయండి. బయట పలచగా, ఒక్క పూతే. మందంగా వేస్తే కోబాల్ట్ గ్లేజ్‌లోకి పాకి కొండ అంచులు కరిగిపోతాయి. నాకైతే బయట కొండల్ని గ్లేజ్ లేకుండా వదిలి, ఆకాశం మాత్రం పలచగా మెరిసేలా ఉంచడం ఇష్టం. పొద్దుటి వెలుతురు అచ్చం అలాగే ఉంటుంది. గ్లేజ్ లేని చోట రంగు కొంచెం బూడిదగా, ఎండినట్టు వస్తుంది, మీరు టైల్ మీద సగం వదిలింది దీన్ని చూడటానికే.

మ్యాట్ (మెరుపు లేని) గ్లేజ్ వాడాలనుకుంటే జాగ్రత్త. డోలమైట్, టాల్క్ లాంటి మెగ్నీషియం ఎక్కువున్న గ్లేజ్ కింద కోబాల్ట్ ఊదా రంగుకి తిరుగుతుంది. సాయంత్రపు కొండలు కావాలంటే అది వరమే, తెలియక జరిగితే మాత్రం మనసు చివుక్కుమంటుంది.

అడుగున, అడుగు నుంచి పైకి 3 మి.మీ. వరకు గ్లేజ్ పూర్తిగా తుడిచేయండి. 1220 డిగ్రీలకి కాల్పించండి. చల్లారాక 100 డిగ్రీల లోపుకి వచ్చేదాకా కిల్న్ తెరవొద్దని చెప్పండి.

కిల్న్ దొరకకపోతే

కుమ్మరి ఆవంలో కాల్చే ఎర్రమట్టితో కూడా చేయొచ్చు. ఆ వేడికి, గ్లేజ్ లేకుండా, కోబాల్ట్ సరిగ్గా పలకదు కాబట్టి దాన్ని మానేసి, ఎర్ర స్లిప్, తెల్ల స్లిప్ రెంటినే రకరకాల పాళ్లలో కలపండి. ద్వారకా తిరుమల ప్రాంతంలో దొరికే బాల్ క్లే అనే జిగట మట్టికి అంతే చైనా క్లే (తెల్ల మట్టి) కలిపితే తెల్ల స్లిప్ వస్తుంది. అది ఎర్రమట్టి కంటే ఎక్కువో తక్కువో కుంచించుకుపోవచ్చు, టైల్ మీద పెచ్చులు లేస్తే ఎర్రమట్టి కొంచెం కలపండి. ఆవంలో పొగ తగిలి నల్ల మచ్చలు పడతాయి, అవి మబ్బుల్లా ఒక్కోసారి ఎంతో బాగుంటాయి. అది నీళ్లు పోసుకునే వాజ్ కాదు, ఎండు పూలకే. కాల్చే వీలే లేకపోతే ఎయిర్ డ్రై క్లే (కాల్చకుండా గాలికే గట్టిపడే మట్టి) మీద ఆక్రిలిక్ రంగులతో ఇదే కాగితం పద్ధతి నడుస్తుంది.

మీ కొండ వేరే రకమైతే

ఈ మసక వరసల పద్ధతి తూర్పు కనుమలకి, అనంతగిరికి, హార్స్‌లీ హిల్స్‌కి సరిపోతుంది. గండికోటకి సరిపోదు. పెన్నా నది కోసిన ఆ లోయలో రాయి పొరలు పొరలుగా, అడ్డంగా పేర్చినట్టుంటుంది. అక్కడ రంగు కలిపిన మట్టి పలకల్ని ఒకదాని మీద ఒకటి పేర్చి, అదిమి, నిలువుగా కోసి ఆ కోత ముఖాన్నే వాజ్ గోడగా వాడండి. హైదరాబాద్ గ్రానైట్ గుట్టలకి రంగే అక్కర్లేదు. ఒకదాని మీద ఒకటి నిలిచిన బండల ఆకారాలే చాలు, మట్టి ముద్దలో బొటనవేలు దింపి నొక్కుతూ చేసే బోలు గుండ్లతో మొదలుపెట్టండి. లోపల ఖాళీ ఉన్న ప్రతి గుండుకీ సూదితో ఒక రంధ్రం పెట్టండి, గాలి, ఆవిరి పోవాలి.

ఎక్కువగా వచ్చే ఇబ్బందులు

కొండలు రంపం పళ్లలా వచ్చాయి: శిఖరాలన్నీ ఒకే ఎత్తున, ఒకే ఎడంలో ఉన్నాయి. తూర్పు కనుమలు పాతకాలపు కొండలు, అరిగి గుండ్రబడ్డాయి. మొనదేలిన శిఖరాలు వాటికి దాదాపు ఉండవు. ఒక పొడవాటి వాలు, ఒక పొట్టి వాలు, మధ్యలో చాలాసేపు చదును. పట్టీ చింపేటప్పుడు చెయ్యి ఆగకుండా మెల్లగా పోనివ్వండి.

స్లిప్ పెచ్చులూడింది: వాజ్ మరీ ఆరాక వేశారు, లేదా మూడు నాలుగు పూతలు మందంగా వేశారు.

అంతా నీలంగా ఉంది, దూరం లేదు: వెనక వరసలో తెలుపు చాలలేదు. లేదా స్పాంజితో తుడిచే పని సరిగ్గా చేయలేదు.

అతుకు దగ్గర చీలిక: గీరకుండా అతికించారు, లేదా పైభాగం ముందు ఆరి కిందిభాగం తడిగా ఉండిపోయింది. ఆరేటప్పుడు మూతి దగ్గర తడిగుడ్డ వేసి ఉంచండి.

పసుపు పూలు పెట్టాలని ఉంది: నవంబరు, డిసెంబరుల్లో వలిసె పొలాలు చూసి వచ్చినవాళ్లని ఆపలేం. ఐరన్‌తో తేనె రంగే వస్తుంది, ఆ పసుపు రాదు. రెడీమేడ్ పసుపు స్టెయిన్ (కాల్చినా నిలిచే రంగుపొడి) కొని, దగ్గరి కొండ పాదాల దగ్గర చిటికెన వేలంత ఒక్క మచ్చ పెట్టండి. రెండో మచ్చ వద్దు.

వచ్చిందో లేదో చూడటం

వాజ్‌ని కిటికీ పక్కన పెట్టి మూడు మీటర్ల దూరం నుంచి, కళ్లు సగం మూసి చూడండి. ఏ కొండ ముందుందో, ఏది వెనకుందో ఆలోచించకుండానే తెలియాలి. మెల్లగా తిప్పుతూ అతుకు ఎక్కడుందో ఇంట్లో ఎవరినైనా కనిపెట్టమనండి. వాళ్లు వెతుక్కుంటుంటే మీ పట్టీలు సరిగ్గా కలిసినట్టే. గ్లేజ్ లేని చోట గోటితో గట్టిగా గీరండి, పొడి రాలకూడదు.

చివరగా నిండా నీళ్లు పోసి, ఒక న్యూస్‌పేపర్ మీద 24 గంటలు ఉంచండి. కాగితం పొడిగా ఉంటే పూలు పెట్టుకోండి. గుండ్రటి తడి మచ్చ పడితే మట్టి పూర్తిగా కాలలేదు, అదే వాజ్‌ని ఇంకోసారి 1220కి పంపి చూడొచ్చు. అప్పటికీ కారితే లోపల ఒక గాజు సీసా పెట్టి, పూలు అందులో పెట్టండి.